సైకిల్ మీద డ్యూటీకి పోయేవాళ్ల నిద్ర లెక్క

సంపాదకుల వారికి నమస్కారం.

పొద్దున్న ఆరు గంటలకు అటూ ఇటూ ఒక అరగంట విశాఖ గాజువాక జంక్షన్‌లో నిలబడితే సైకిళ్లు రెండు వైపులా కనిపిస్తాయి. పొద్దున్న ఆరింటికి మొదలయ్యే ‘ఏ’ షిఫ్టు ఎక్కడానికి పోయేవి కొన్ని, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా ఉండే ‘సి’ షిఫ్టు దిగి ఇంటికి వచ్చేవి కొన్ని. ఆటోనగర్ వర్క్‌షాపులు, చుట్టుపక్కల ఫ్యాక్టరీలు, గోదాములు, అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్ డ్యూటీలు, పాల ప్యాకెట్లు, పేపర్లు, వీటన్నిటికీ ఇప్పటికీ సైకిలు మీద వచ్చే మనుషులున్నారు. బండి కొనలేక కొందరు, పెట్రోలు డబ్బులు మిగులుతాయని కొందరు, ఒంటికి మంచిదని కొందరు. వీళ్ల భద్రత గురించి మాట వస్తే లైటు, రిఫ్లెక్టరు, రోడ్డు గుంతల దాకా వచ్చి ఆగిపోతాం. ఆ మనిషి రాత్రి ఎన్ని గంటలు పడుకున్నాడో అడిగేవాళ్లు లేరు. ఈ ఉత్తరం దాని గురించే.

బస్సులో పోయేవాడికి సీటు దొరికితే ఒక కునుకు తీస్తాడు. సైకిలు మీద ఆ వీలు లేదు. సైకిలు పడకుండా ఉండాలంటే చేతులు అనుక్షణం హ్యాండిల్‌ని ఇటూ అటూ సర్దుతూనే ఉండాలి, మనకు తెలియకుండా ఆ పని మెదడు చేస్తుంది. నిద్ర చాలనివాడికి కళ్లు తెరిచి ఉండగానే రెండు మూడు సెకన్లపాటు మెదడు మగతలోకి జారుకుంటుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లంటే పన్నెండున్నర మీటర్లు. తారు అంచు దిగి ముందు చక్రం ఇసుకలో జారడానికైనా, కుడికి లాగేసి వెనక వచ్చే లారీకి అడ్డం పోవడానికైనా అందులో సగం దూరం చాలు. 16వ నంబరు జాతీయ రహదారి పక్కన తొక్కేవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో లెక్క చూడండి. పొద్దున్న ఏడింటికి లేచి, పగలు కన్ను మూయకుండా, రాత్రి పదికి సి షిఫ్టు ఎక్కినవాడికి అర్ధరాత్రికే 17 గంటల మెలకువ పూర్తవుతుంది. 17 గంటలు మేలుకున్న మనిషి చురుకు 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1990ల చివర్లో ఆస్ట్రేలియాలో చేసిన పరీక్షల్లో తేలింది. మన మోటారు వాహనాల చట్టం డ్రైవర్లకు పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. మన సి షిఫ్టు మనిషి పొద్దున్న ఆరింటికి గేటు దాటేసరికి 23 గంటలు మేలుకుని ఉంటాడు. చుక్క ముట్టని మనిషే, కానీ తాగినవాడిలాగే తొక్కుతాడు. పైగా తెల్లవారుజామున మూడు నుంచి ఆరు దాకా ఒంటి వేడి, చురుకు రెండూ రోజు మొత్తంలో అట్టడుగున ఉంటాయి. పని చేసిన అలసట, నిద్ర బాకీ, ఆ వేళ, మూడూ కలిసి మీద పడేది సరిగ్గా ఇంటికి తొక్కుతున్నప్పుడే.

పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. "నాకు అయిదు గంటలు చాలు, అలవాటైపోయింది" అనేవాళ్లు చాలామంది. అలవాటయ్యేది మగత. చురుకు తగ్గుతూనే ఉంటుంది, తగ్గిన సంగతి తెలియకుండా పోతుంది. గేటు దగ్గరకు వచ్చాక దారిలో ఏ స్పీడ్ బ్రేకరు దాటారో గుర్తు రాకపోతే, ఎదురు సైకిలు బెల్లు ఆలస్యంగా వినిపిస్తే, ముందు చక్రం తెల్లగీత మీదికి పదే పదే పోతుంటే ఆ మనిషికి నిద్ర చాలడం లేదని అర్థం.

పడుకునే వేళను గేటు నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. ‘ఏ’ షిఫ్టు ఆరింటికి. పంచింగ్ 5.45కి. ఎనిమిది కిలోమీటర్ల దూరం, మామూలు 28 అంగుళాల సైకిలు, భుజాన క్యారేజీ సంచి అంటే గంటకు 14 కిలోమీటర్లకు మించి ఆశ పెట్టుకోకూడదు. అంటే 35 నిమిషాలు. ఎదురుగాలికీ రైల్వే గేటుకూ కలిపి ఇంకో పది. అయిదింటికి ఇల్లు కదలాలి. నిద్ర లేచిన తర్వాత 20, 30 నిమిషాలు మెదడు మొద్దుగా ఉంటుంది, ఆ సమయంలో సైకిలు ఎక్కకూడదు. కనుక 4.20కి లేవాలి. ఏడు గంటలు వెనక్కి పోతే 9.20. నిద్ర పట్టడానికి పావుగంట వేసుకుంటే రాత్రి 9.05కి దీపం ఆర్పాలి, ఏడున్నరకల్లా భోజనం అయిపోవాలి. టీవీ సీరియళ్లు మాంచి పట్టు మీద ఉండే వేళ అది. ఒకే గదిలో ఉండే కుటుంబానికి ఇది పెద్ద త్యాగమే. కానీ ఆ వారం రోజులు టీవీ మోత తగ్గించుకుంటేనే ఆ మనిషికి నిద్ర. దూరం అయిదు కిలోమీటర్లయితే ఇంకో పావుగంట దాకా కలిసొస్తుంది, పన్నెండయితే అంతకు మించి పోతుంది. ఎవరి లెక్క వాళ్లు ఒకసారి కాగితం మీద రాసి గోడకు అంటించుకోవాలి.

ఈ లెక్క పూర్తిగా తలకిందులయ్యేది ‘బి’ షిఫ్టు దిగి మర్నాడే ‘ఏ’ షిఫ్టు ఎక్కమన్నప్పుడు. రాత్రి పదికి షిఫ్టు ముగుస్తుంది. చేతులు కడుక్కుని 10.15కి బయల్దేరితే ఇంటికి 10.50. స్నానం, భోజనం అయ్యేసరికి 11.40. తొక్కి వచ్చిన వేడి, తిన్న అన్నం, నిద్ర పట్టేసరికి పన్నెండున్నర. మళ్లీ 4.20కి అలారం. నాలుగు గంటలు కూడా లేవు. కాగితం మీద రెండు షిఫ్టుల మధ్య ఎనిమిది గంటల విరామం ఇచ్చినట్టే ఉంటుంది. కంపెనీ బస్సులో పోయేవాడు దారిలో ఒక అరగంట పూడ్చుకుంటాడు, సైకిలు మనిషికి అదీ లేదు. ఇలా వేయడం మానాలి, తప్పనిసరైతే ఆ ఒక్క రోజూ కంపెనీ వాహనంలో రప్పించాలి.

సి షిఫ్టు సంగతి వివరంగా చెప్పాలి. మొదటి రాత్రి డ్యూటీకి పోయేరోజు మధ్యాహ్నం తప్పకుండా పడుకోవాలి. ఒంటి గంట, మూడు గంటల మధ్య ఒంటికి సహజంగానే మగత వస్తుంది, భోజనం చేసినా చేయకపోయినా వస్తుంది. రెండింటికి పడుకుని గంటన్నర తర్వాత లేస్తే ఒక విడత నిద్ర పూర్తవుతుంది. డ్యూటీలో టీ మొదటి సగంలోనే తాగేయాలి. టీలో ఉండే కెఫీన్ సగం తగ్గడానికే అయిదు గంటల దాకా పడుతుంది. పొద్దున్న ఏడున్నరకు పడుకోవాల్సినవాడు రాత్రి రెండు దాటాక టీ ముట్టకూడదు. గేటు బయట టీ బడ్డీ దగ్గర ఆరింటికి అందరూ చేరి తాగే స్ట్రాంగ్ టీ అప్పటికి హాయిగానే ఉంటుంది. పగటి నిద్రను మాత్రం అది ముక్కలు చేస్తుంది.

అయితే ఒక సందర్భంలో ఆ టీయే ప్రాణం కాపాడుతుంది. షిఫ్టు దిగేసరికి తల వాలిపోతుంటే, కళ్లు మండుతూ ఆవులింతలు ఆగకపోతే, సైకిలు ఎక్కొద్దు. అర గ్లాసు టీ తాగి, వెంటనే క్యాంటీన్ బల్ల మీదో, సైకిల్ షెడ్డులోనో 20 నిమిషాల అలారం పెట్టుకుని కూర్చునే కన్ను మూయాలి. కెఫీన్ పనిచేయడానికి కూడా ఇరవై నిమిషాలపైనే పడుతుంది, లేచేసరికి రెండూ కలిసివస్తాయి. అరగంట దాటనివ్వకూడదు, గాఢనిద్రలో పడి లేస్తే మొద్దుతనం ఇంకా ఎక్కువవుతుంది. మొహం మీద నీళ్లు కొట్టుకోవడం, పాటలు పెట్టుకోవడం, బిగ్గరగా మాట్లాడుకుంటూ ఇద్దరు పక్కపక్కన తొక్కడం, ఇవేవీ నిద్రను ఆపలేవు. అయిదు నిమిషాలు ఆగినట్టు అనిపిస్తుంది, అంతే. దారిలో తూగు వస్తే దిగి, రోడ్డుకు దూరంగా సైకిలుకు స్టాండు వేసి ఆ ఇరవై నిమిషాలూ అక్కడే కూర్చోవాలి.

ఇంటికి వచ్చే దారిలో ఎండ ఇంకో చిక్కు. విశాఖలో జూన్‌లో 5.20 ప్రాంతంలోనే పొద్దు పొడుస్తుంది, జనవరిలో 6.30 ప్రాంతంలో. ఎండాకాలంలో సి షిఫ్టు దిగినవాడు గంట పొద్దెక్కిన వెలుతురులో తొక్కుకుంటూ వస్తాడు. కంట్లో ఆ వెలుతురు పడితే ఇక తెల్లారిందని మెదడు నిశ్చయించేసుకుంటుంది, నిద్ర తెచ్చే మెలటోనిన్ ఆగిపోతుంది. ముందుకు చూరు ఉన్న టోపీ పెట్టుకుంటే కొంత మేలు. నల్లద్దాలు మాత్రం రోడ్డు మీద వద్దు. అవి మగతను పెంచుతాయి, చెట్ల నీడలో గుంత కనిపించదు. ఇంటి వాకిట్లోకి వచ్చాక ఎంత చీకటి చేసుకుంటే అంత మంచిది.

వచ్చాక ఏం తినాలి? రెండు ఇడ్లీలో, ఒక పెసరట్టో, అరటిపండు, పలచటి మజ్జిగ. పళ్లెం నిండా పప్పన్నం తిని పడుకుంటే కడుపు మంటతో పదకొండింటికి లేస్తారు. పూర్తి ఖాళీ కడుపుతో పడుకున్నా అదే తంతు. తొక్కి వచ్చిన దాహానికి చెంబెడు నీళ్లు ఒక్కసారి తాగేస్తే రెండుసార్లు లేవాల్సి వస్తుంది. షిఫ్టులోనే గంట గంటకూ తాగుతూ, ఇంటికి రాగానే అర లీటరుతో సరిపెట్టుకోవాలి. నిద్ర పడుతుందని క్వార్టర్ వేసేవాళ్లున్నారు. మద్యంతో కన్ను త్వరగా అంటుకుంటుంది, రెండో సగం నిద్ర చెదిరిపోతుంది. మధ్యాహ్నానికే తలనొప్పితో మెలకువ వస్తుంది, ఆ రాత్రి మళ్లీ సైకిలు ఎక్కాలి. నమ్మి చెబుతున్నాం, ఇది నిద్రకు మందు కాదు. జలుబుకు వేసుకునే క్లోర్‌ఫెనిరమిన్ లాంటి మాత్రలూ ఇంతే, వాటి మగత లేచాక కూడా వదలదు. డ్యూటీకి తొక్కుతున్నామని మందుల షాపులో చెప్పి, మగత తక్కువ ఉండే మాత్ర అడగాలి.

ఏడున్నర నుంచి పన్నెండున్నర దాకా ఒక నిద్ర, సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా మరో నిద్ర. పగలు ఏడు గంటలు ఏకబిగిన పడుకోవడం మన ఇళ్లలో అయ్యే పని కాదు, ఇలా రెండు ముక్కలు చేసుకుంటే ఆరున్నర గంటలు దక్కుతాయి. ఆ సాయంత్రం కునుకును ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, తెల్లారి ఇంటికి క్షేమంగా చేర్చేది అదే. ఎనిమిదికి లేచి, తిని, 9.10కి కదలొచ్చు.

గది గురించి. రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం పడుకోవడమంటే పొయ్యి పక్కన పడుకున్నట్టే. రేకు మీద చిక్కటి సున్నం రెండు పూతలు వేస్తే లోపల వేడి తగ్గుతుంది, తెల్లటి కప్పు ఎండను తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం ఈ ఉద్దేశంతోనే 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. కిటికీకి తడిగుడ్డ కట్టడం, కూలరు పెట్టడం తెలంగాణలోనో అనంతపురంలోనో పొడి ఎండలకు పనిచేస్తాయి. విశాఖ ఉక్కపోతలో గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది, తడి ఆరదు, చల్లబడదు, దుప్పటి జిగటగా మారుతుంది. ఇక్కడ ఫ్యాను గాలి నేరుగా ఒంటికి తగలడమే ముఖ్యం. చీకటికి పాత దుప్పటి రెండు మడతలు వేసి మేకులకు తగిలిస్తే చాలు. తలుపు మీద "నైట్ డ్యూటీ" అని ఒక అట్టముక్క వేలాడదీస్తే గ్యాస్ బండవాళ్లూ కూరగాయల వాళ్లూ బెల్లు కొట్టరు. వీధిలో ఈ అలవాటు ఒక్కరు మొదలుపెడితే అందరికీ వస్తుంది.

పొద్దున్న నిద్రను దొంగిలించేది చాలాసార్లు సైకిలే. "గాలి ఉందో లేదో, పంక్చరయితే ఎలా" అని అరగంట ముందు అలారం పెట్టుకునేవాళ్లు ఎందరో. ఆ పని ముందు రోజు సాయంత్రం పది నిమిషాల్లో అవుతుంది. బొటనవేలితో టైరు నొక్కితే లోపలికి పోకూడదు. రాత్రికి రాత్రే గాలి దిగిపోతుంటే ట్యూబుకు చిల్లు పడిందని అనుకునే ముందు వాల్వు చూడండి. మన నల్ల సైకిళ్ల వాల్వు మీద సన్నటి రబ్బరు గొట్టం ఉంటుంది, వాల్వు ట్యూబు అంటారు. అది ఎండి చిట్లితే పగలు తెలియదు, రాత్రంతా కొద్దికొద్దిగా దిగుతుంది. గాలి కొట్టాక వాల్వు మూతి మీద ఉమ్మి తడి పెట్టి చూస్తే బుడగ పొంగుతుంది. మర విప్పి వాల్వు పిన్ను లాగి కొత్త రబ్బరు తొడగడానికి రెండు నిమిషాలు, ఖర్చు కొద్ది రూపాయలు. బ్రేకు రబ్బరు రిమ్ముకు తగులుతోందా, డైనమో వైరు ఊడిందా, ఎర్ర రిఫ్లెక్టరు మీద బురద ఉందా చూసి, యూనిఫారం, క్యారేజీ గిన్నెలు, తాళం చెవి ఒకచోట పెట్టుకుంటే పొద్దున్న ఇరవై నిమిషాల నిద్ర మిగులుతుంది.

రాత్రి పిక్క పట్టేసి లేచేవాళ్లు సీటు ఎత్తు చూసుకోవాలి. పెడల్ పూర్తిగా కింద ఉన్నప్పుడు మడమ ఆనిస్తే మోకాలు తిన్నగా చాచుకోవాలి. సీటు కిందికి ఉంటే మోకాలు ఎప్పుడూ ముడుచుకునే ఉండి తొడలు, పిక్కలు అనవసరంగా అలసిపోతాయి. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంటే హ్యాండిల్ మీద బరువంతా అరచేతి అంచున పడుతోందని. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే అలా అవుతుంది, దాన్ని మట్టంగా చేసి బిగించాలి.

సాయంత్రం తొక్కివచ్చే జనరల్ షిఫ్టు వాళ్లకు పెద్ద ఇబ్బంది లేదు. గట్టిగా తొక్కిన గంటలోపు పడుకుంటే నిద్ర పట్టదు, ఒంటి వేడి దిగాలి. చివరి కిలోమీటరు నెమ్మదిగా రండి, పడుకునే గంట ముందు గోరువెచ్చటి నీళ్లు పోసుకోండి. ఇంత దూరం రోజూ తొక్కినా, ఏడు గంటలు పడుకున్నా పగలు తూగుతూనే ఉంటే, గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నాడని ఇంట్లోవాళ్లు చెబితే, డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే. నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బు సన్నగా ఉన్నవాళ్లకు కూడా వస్తుంది.

ఇవన్నీ తొక్కేవాళ్లు చేసుకోవాల్సినవి. యాజమాన్యాలు చేయాల్సినవి కూడా ఉన్నాయి, వాటికి పెద్ద ఖర్చు లేదు. షిఫ్టు చార్టు కనీసం రెండు వారాల ముందు గోడకెక్కాలి. శనివారం సాయంత్రం ఫోనులో సోమవారం షిఫ్టు చెబితే ఏ లెక్కా పనిచేయదు. షిఫ్టులు మారేటప్పుడు ఏ నుంచి బి, బి నుంచి సి వరసలో ముందుకు జరగాలి. మన ఒంటి గడియారం 24 గంటల కంటే కొద్దిగా నిదానంగా తిరుగుతుంది కనుక ఆలస్యంగా పడుకోవడం తేలిక, ముందుగా పడుకోవడం కష్టం. వెనక్కి తిప్పితే ఒంటిని వెనక్కి లాగినట్టే. సైకిల్ షెడ్డు పక్కన నాలుగు బల్లలు, ఒక ఫ్యాను, షిఫ్టు దిగాక అరగంట కూర్చోనివ్వమని సెక్యూరిటీకి ఒక మాట, ఇంతే.

వారాంతపు సెలవు గురించి ఒక్కటి అడగాలి. అర్ధరాత్రి దాటే షిఫ్టు చేసేవాడికి సెలవు రోజంటే షిఫ్టు ముగిసినప్పటి నుంచి వరసగా 24 గంటలు అని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 57వ సెక్షన్‌లో రాశారు, దాని స్థానంలో వచ్చిన కోడ్‌లోనూ అదే మాట ఉంది. అంటే ఆదివారం పొద్దున్న ఆరింటికి దిగినవాడి సెలవు సోమవారం ఆరింటికి అయిపోతుంది. ఆ సెలవులో మొదటి సగం నిద్రకే పోతుంది, వెంటనే ‘ఏ’ షిఫ్టు వేస్తే సోమవారం తెల్లవారుజామున నాలుగింటికే లేవాలి. సి వారం ముగిశాక ఎక్కేది బి షిఫ్టు కావాలి, లేదా 48 గంటలు వదలాలి. సెలవు రోజు పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు దాకా మూడు గంటలే పడుకుని లేచి, రాత్రి తొమ్మిదికి అందరితోపాటు పడుకుంటే ఒళ్లు దారికొస్తుంది. సాయంత్రం దాకా పడుకుంటే ఆ రాత్రి జాగారమే.

చివరగా, మీ పత్రికను మా గుమ్మంలోకి విసిరే కుర్రాళ్ల సంగతి. చాలామంది ఇంటర్, డిగ్రీ చదివేవాళ్లు. నాలుగింటికి పేపరు కట్టలు దించే పాయింటు దగ్గర ఉండాలంటే మూడున్నరకే లేవాలి. పద్దెనిమిది లోపు వాళ్లకు ఎనిమిది గంటల నిద్రయినా కావాలి, అంటే రాత్రి ఏడున్నరకు పడుకోవాలి. చదువుకునే పిల్లవాడికి అది సాధ్యం కాదు, అందుకే క్లాసులో తల వాలుస్తాడు. క్రికెట్ మ్యాచ్ ఉన్న రాత్రో, ఎన్నికల ఫలితాల రాత్రో ప్రింటింగ్ ఆలస్యమై కట్టలు అయిదింటికి పడతాయి. కుర్రాళ్లు మాత్రం నాలుగింటికే వచ్చి ఫుట్‌పాత్ మీద కూర్చుంటారు. ఆలస్యం తెలిసిన వెంటనే, రాత్రి తొమ్మిది లోపు, ఏజెంట్లకు ఒక మెసేజీ పంపండి. ఏజెంట్లు దాన్ని కుర్రాళ్లకు చేరవేస్తే ఒక్కొక్కరికి గంట నిద్ర దక్కుతుంది. పేపర్లు వేసే నాలుగు లైన్లకు ఒక అదనపు మనిషిని పెట్టి, కుర్రాళ్లకు వారానికొక రోజు వంతుల వారీగా సెలవు ఇవ్వమని కూడా ఏజెంట్లకు మీరే చెప్పగలరు.

ఇట్లు,
సైకిళ్ల మీద షిఫ్టులకు పోయేవాళ్ల తరఫున కొందరం,
గాజువాక, విశాఖపట్నం.